రాజకీయ మొగ్గు చెప్పే ఆన్‌లైన్ క్విజ్‌లు మన జిల్లాల వాళ్లను కొలవగలవా?

పానగల్లు పాఠకుడు (నల్లగొండ)

సభ్యులకు నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెబుతాను. ఈ మధ్య మా పిల్లల వాట్సాప్ స్టేటస్‌లలో నాలుగు రంగుల గడులున్న పటం, దాని మీద ఒక ఎర్ర చుక్క తరచుగా కనిపిస్తున్నాయి. 2001 నుంచి నడుస్తున్న ‘పొలిటికల్ కంపాస్’ అనే ఇంగ్లిష్ వెబ్‌సైట్‌లో 62 వాక్యాలు ఉంటాయి. ఒక్కోదానికి ‘గట్టిగా ఒప్పుకుంటాను’ మొదలుకొని ‘గట్టిగా కాదంటాను’ వరకు ఉన్న నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకుంటే, ఆర్థిక విషయాల్లో మీరు ఎడమవైపు (ప్రభుత్వ జోక్యం కోరేవారు) ఉన్నారో కుడివైపు (మార్కెట్ స్వేచ్ఛ కోరేవారు) ఉన్నారో, సామాజిక విషయాల్లో కట్టుబాటు కోరేవారో స్వేచ్ఛ కోరేవారో లెక్కగట్టి ఆ చుక్క పెడుతుంది.

తరగతిలో దాదాపు అందరి చుక్కలూ ఎడమవైపు దిగువన ఉండే ఆకుపచ్చ గడిలోనే పడ్డాయి. అదే తరగతిలో వేర్వేరు పార్టీల జెండాలు మోసే ఇళ్ల పిల్లలు ఉన్నారు. రిజర్వేషన్ల ప్రస్తావన వస్తే రెండు జట్లుగా చీలిపోయి గంట మోగినా ఆపనివాళ్లు ఉన్నారు. ఇంత తేడా ఉన్నవాళ్లందరినీ ఒకే గడిలో కూర్చోబెట్టే క్విజ్ అసలు దేనిని కొలుస్తున్నట్టు? పిల్లలు మాత్రం ‘సార్, నేను లిబర్టేరియన్ లెఫ్ట్ అంట’ (ఆర్థికంగా ఎడమవైపు, సామాజికంగా స్వేచ్ఛ వైపు అని అర్థం) అని కులగోత్రాలు చెప్పుకున్నంత నమ్మకంగా చెబుతున్నారు. ఈ విషయం తెలిసినవారు, నింపి చూసినవారు అభిప్రాయాలు రాయగలరు.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

పాఠకుడు గారూ, నేను చాలాకాలం గ్రామాల్లో ఇంటింటి సర్వేలు చేసినవాడిని కాబట్టి ప్రశ్నాపత్రం తయారీ వైపు నుంచి నాకు తెలిసినది రాస్తాను.

కుడి, ఎడమ అనే విభజన 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో సభ్యులు కూర్చున్న తీరు నుంచి వచ్చిందన్నది మీరు చెప్పే పాఠమే. రాజుకు వీటో అధికారం ఉండాలన్నవారు అధ్యక్షుడి కుడిచేతి వైపు చేరారు. ఆ ఒక్క గీత చాలదని తర్వాత చాలామంది రెండో గీత కలిపారు. మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ 1954లో మార్పు కోరేవారు, ఉన్నది నిలపాలనేవారు అన్న గీతకు అడ్డంగా, కఠిన స్వభావం, మృదు స్వభావం అనే మరో గీతను ప్రతిపాదించాడు. 1969లో అమెరికాలో డేవిడ్ నోలన్ ఆర్థిక స్వేచ్ఛను ఒక గీతగా, వ్యక్తిగత స్వేచ్ఛను మరో గీతగా పెట్టి పటం గీశాడు. ఆయన 1971లో, రెండింటిలోనూ ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండాలనే ఆ దేశపు లిబర్టేరియన్ పార్టీని స్థాపించినవారిలో ఒకడు. ఆ పటం ఆధారంగా తర్వాత తయారైన పది ప్రశ్నల క్విజ్‌లో ఆ పార్టీ భావాలు అన్నిటికంటే పై కొనన కనిపిస్తాయి. గీత ఎవరు గీశారో, ఏ ప్రయోజనంతో గీశారో తెలియకుండా క్విజ్ నింపే కుర్రవాడికి అది ప్రకృతి నియమంలాగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మీ తరగతి అంతా ఒకే గడిలో ఎందుకు పడిందో చూద్దాం. పొలిటికల్ కంపాస్‌లో మొదటి వాక్యమే, ప్రపంచీకరణ తప్పనిదైతే అది బహుళజాతి సంస్థల లాభానికి కాక ముందుగా మానవాళికి ఉపయోగపడాలన్న భావంతో ఉంటుంది. దీన్ని కాదని చెప్పే మనిషి నల్లగొండలో ఎక్కడ దొరుకుతాడు? పెద్ద కంపెనీ యజమాని కూడా పైకి ఒప్పుకుంటాడు. ఇలాంటి వాక్యాలు మనుషులను వేరు చేయవు, అందరినీ ఒకే దిక్కుకు జరుపుతాయి. పైగా అక్కడ ‘తెలియదు’, ‘మధ్యస్థం’ అనే జవాబులు లేవు. 1964లో ఫిలిప్ కాన్వర్స్ అనే అమెరికన్ పరిశోధకుడు, అవే ప్రశ్నలను అవే మనుషులను రెండేళ్లకోసారి అడిగిన సర్వేలను పరిశీలించి, చాలామంది జవాబులు బొమ్మాబొరుసు వేసినట్టు మారుతున్నాయని చూపించాడు. ఆలోచించని విషయం మీద కూడా, అడిగితే మనిషి ఏదో ఒక జవాబు ఇస్తాడు. ‘తెలియదు’ అనే దారి మూసేస్తే ఆ ‘ఏదో ఒకటి’ కూడా లెక్కలో అభిప్రాయంగా చేరిపోతుంది.

మిర్యాలగూడ మర (మిర్యాలగూడ)

నేను రైసు మిల్లులో లెక్కలు రాసేవాడిని, శాస్త్రం చదివినవాడిని కాను. మా ఊళ్లో ఓటు వేసేటప్పుడు నిలబడిన మనిషి ఎవరు, ఆపద వస్తే ఫోన్ ఎత్తుతాడా, ఆసుపత్రికి ఉత్తరం ఇస్తాడా, మన కులం వాళ్లను కూర్చోమని అంటాడా అనేవే చూస్తారు. నైరూప్య చిత్రకళ కళ అవునా కాదా, జ్యోతిషం నిజమా అని అడిగి దాని నుంచి నా రాజకీయం తేలుస్తామనడం వాన కొలిచే పరికరంతో జ్వరం చూసినట్టు ఉంది. (ఆ రెండు ప్రశ్నలూ నిజంగానే ఉన్నాయి. నేను నింపాను కాబట్టి రాస్తున్నాను.) నా చుక్క సరిగ్గా మధ్యలో పడింది. ఏ ప్రశ్ననూ పెద్దగా పట్టించుకోకుండా కొట్టుకుంటూ పోతే మధ్యలో పడతాననీ నాకు తెలుసు.

గద్వాల జరీ (గద్వాల, ప్రస్తుతం హైదరాబాద్)

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు రాస్తాను. మర గారూ, జ్యోతిషం ప్రశ్న అంత విడ్డూరమైనది కాదు. కొన్ని వాక్యాలను కావాలనే అస్పష్టంగా పెట్టామని, విధానాల మీద వివరమైన అభిప్రాయం కంటే లోపలి భావాలను, ముందే ఏర్పడిన మొగ్గులను కదిలించడమే తమ ఉద్దేశమని ఆ సైట్ వాళ్లే ప్రశ్నోత్తరాల పేజీలో చెప్పుకున్నారు. సంప్రదాయం చెప్పింది కాబట్టి నమ్మాలి అనే స్వభావానికి, పెద్దల మాట, పోలీసు దెబ్బ, ఉరిశిక్ష వంటి వాటి మీద మన వైఖరికి ఎక్కడో ఒక లంకె ఉంటుందన్న ఊహ మీద అది నడుస్తుంది. ఆ ఊహ తప్పని వాదించవచ్చు, కానీ అర్థం లేనిదనలేము.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఏ వాక్యానికి ఎంత తూకం వేస్తున్నారో ఆ సైట్ వివరంగా ప్రకటించలేదు. దానికి భిన్నంగా 2017లో వచ్చిన ‘ఎయిట్ వాల్యూస్’ అనే క్విజ్ తన కోడ్ మొత్తాన్ని బయట పెట్టింది. అందులో 70 వాక్యాలు, సమానత్వం–మార్కెట్, దేశం–ప్రపంచం, స్వేచ్ఛ–అధికారం, సంప్రదాయం–పురోగతి అనే నాలుగు గీతలు ఉన్నాయి. మధ్యస్థం అనే జవాబు కూడా ఉంది. ప్రతి వాక్యానికి ఏ గీత మీద ఎన్ని మార్కులో ఫైలులో రాసి ఉంటుంది. గట్టిగా ఒప్పుకుంటే పూర్తి మార్కులు, ఒప్పుకుంటే సగం, మధ్యస్థమైతే సున్నా, కాదంటే మైనస్‌లో అదే లెక్క. చివరికి వచ్చిన నాలుగు శాతాలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న సిద్ధాంతం పేరును జాబితా నుంచి తీసి చూపిస్తుంది. పని చేసే తీరు ఇంత సాదాసీదాగా ఉందని చూశాక నాకు దాని మీద భయమూ పోయింది, అతి గౌరవమూ పోయింది. కోడ్ చదవడం వచ్చిన పిల్లలుంటే, పాఠకుడు గారూ, క్విజ్ నింపించే బదులు ఆ ఫైలు తెరిపించండి.

ఇంకొక మాట. నేను మా ఇంట్లో రాజకీయం మాట్లాడటానికి ఇలాంటి క్విజ్ దారి ఇచ్చింది. మా నాన్నతో పార్టీ పేరు ఎత్తితే మాట తెగిపోతుంది. ‘నాన్నా, పిల్లలను అప్పుడప్పుడు కొట్టడం మంచి తల్లిదండ్రుల లక్షణమేనా’ అన్న వాక్యం చదివి వినిపిస్తే మాత్రం రాత్రి వరకు కూర్చుని మాట్లాడాడు. చుక్క ఎక్కడ పడింది అన్నది మేము చూడనేలేదు.

దిండి వాగు (దేవరకొండ)

జరీ గారు చెప్పిన సంభాషణ లాభాన్ని నేను కాదనను. అయితే మా వైపు బతుకును ఆ గీతలు ఎలా తప్పుగా చదువుతాయో రెండు ఉదాహరణలు చెప్పాలి. ఆ రెండు వాక్యాలూ పొలిటికల్ కంపాస్‌లోనే ఉన్నాయి.

మొదటిది, తాగునీరు వంటి మౌలికమైన వస్తువు సీసాలో పెట్టి, పేరు అతికించి అమ్ముకునే సరుకు కావడం విచారకరం అన్న వాక్యం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పుట్టినవాళ్లకు ఇది చర్చాంశం కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని ఎన్నో రెట్లు దాటిన ఊళ్లలో నడుములు వంగిపోయిన తరాలను చూసినవాళ్లు, శుద్ధి చేసిన నీళ్ల డబ్బాను కొని ఇంటికి తెచ్చుకున్నారు. మా మేనత్త ఈ వాక్యానికి గట్టిగా ఒప్పుకుంటుంది, ఎందుకంటే నీళ్లు కొనడం ఆమెకు అవమానం. మా బావ గట్టిగా కాదంటాడు, ఎందుకంటే ఆ డబ్బా లేకపోతే తన పిల్లల ఎముకలు ఏమయ్యేవో అతనికి తెలుసు. క్విజ్ లెక్కలో మేనత్త ఎడమవైపు, బావ కుడివైపు వెళతారు. ఇద్దరూ అడిగేది మాత్రం ఒక్కటే, ప్రభుత్వం కృష్ణా నీళ్లు ఇంటికి తేవాలి అని.

రెండవది, భూమి కొనుగోలు అమ్మకాల సరుకు కాకూడదు అన్న వాక్యం. మా దగ్గర భూమి తగాదా అమ్మకం మీద కాదు, భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అన్నదాని మీద. మాది కౌలు సాగు. 2018 మేలో పంట పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరానికి నాలుగు వేల రూపాయలు పట్టాదారు పేరిట చెక్కుగా వచ్చాయి, తర్వాత అది ఐదు వేలు అయింది, కౌలుదారుకు ఏమీ రాలేదు. ఈ పథకం ప్రభుత్వ ఖర్చు కాబట్టి దాన్ని సమర్థించేవాడు ఎడమవైపు, వ్యతిరేకించేవాడు కుడివైపు అని లెక్క వేస్తే, హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో పాసుబుక్కు ఉన్న పెద్దమనిషి వామపక్షం అవుతాడు, ఆ పొలంలో పత్తి వేసి అప్పుల పాలైన కౌలుదారు కుడిపక్షం అవుతాడు. ఎవరికి ఇవ్వాలి అన్నదే మా ఊళ్లో అసలు తగాదా. ఎంత ఇవ్వాలి అన్నది దాని తర్వాత వస్తుంది.

సోమశిల పడవ (కొల్లాపూర్)

దిండి వాగు నాయనా, నీవు రాసినది చదివాక పదవీ విరమణ చేసిన ఈ చరిత్ర ఉపాధ్యాయుడు ఊరుకోలేకపోయాడు.

భూమి సరుకా కాదా అనే ప్రశ్నకు ఈ జిల్లాల్లో జనం జవాబు పెట్టె మీద గీత కొట్టి చెప్పలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ గూండాల తుపాకీకి బలి కావడంతో రగిలిన సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఆ పోరాటం ఇంకా ఆగకముందే, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లిలో ఉండగా, హరిజన వాడ కుటుంబాలు తమకు ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. మరుసటి ఏడాది జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి కమ్యూనిస్టుల ఎన్నికల వేదిక అయిన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఒకే జిల్లా, ఒకే కాలం, ఒకే ప్రశ్న. ఒకరు తుపాకీతో, ఒకరు దానపత్రంతో, ఒకరు ఓటుతో జవాబు చెప్పారు. ముగ్గురూ ఆ వాక్యానికి ‘ఒప్పుకుంటాను’ అనే కొడతారు, చుక్కలు పక్కపక్కనే పడతాయి. లక్ష్యం ఏమిటి అని అడిగి, దానికి ఏ దారి అన్నది అడగకపోతే రాజకీయంలో సగం బయటే ఉండిపోతుంది.

ఫ్లోరైడ్ గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీ చేశారు. ఫ్లోరైడ్ గోసను దేశం దృష్టికి తేవడానికి జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, ఐదు వందలుగా ఉన్న లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను పది వేలకు పెంచారు. ఆ 480 మందిని ఏ గడిలో పెడతారు? వాళ్లలో అన్ని పార్టీల అభిమానులూ ఉన్నారు. నీళ్ల కోసం నిలబడటం వాళ్ల రాజకీయం, ఏ పటమూ దానికి గీత గీయలేదు.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతున్నది. ప్రస్తుత పార్టీలను సమర్థించే, విమర్శించే వ్యాఖ్యలు కొన్ని తొలగించాము. క్విజ్‌ల మీద, వాటి ప్రశ్నల మీద మాత్రమే రాయవలసిందిగా మనవి.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

పడవ సారుకు నమస్కారం. మీరు చెప్పినది చదివితే మనకు వేరే గీతలు కావాలని అనిపిస్తుంది, ఆ ప్రయత్నం జరగకపోలేదు. ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన గ్రంథంలో, భారత రాజకీయాల్లో సిద్ధాంతమే లేదన్న మాటను కాదంటూ, ఇక్కడి విభజన రెండు గీతల మీద నడుస్తుందని వాదించారు. సమాజపు కట్టుబాట్లలో, ఆస్తి పంపకంలో రాజ్యం ఎంతవరకు జోక్యం చేసుకోవాలి అన్నది ఒకటి. అణగారిన వర్గాలను, మైనారిటీలను ప్రత్యేకంగా గుర్తించి రిజర్వేషన్ల వంటి రక్షణలు ఇవ్వాలా వద్దా అన్నది రెండోది. ఫ్రాన్స్ సభలోని కుర్చీల వరుస కంటే ఇది మన వాదనలకు చాలా దగ్గర. మీ తరగతి రెండుగా చీలిన చోటు, పాఠకుడు గారూ, సరిగ్గా ఈ రెండో గీత మీద ఉంది. పొలిటికల్ కంపాస్‌లో ఆ గీత లేదు కాబట్టి చీలిక కనిపించలేదు.

అయితే గీత మార్చినంత మాత్రాన కొలత బాగుపడదు. జవాబు ఎవరి ముందు ఇస్తున్నాము అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పల్లెలో సర్వేకు వెళితే, చేతిలో కాగితం ఉన్నవాడిని కాదనడం మర్యాద కాదని చాలామంది ప్రతి వాక్యానికీ ‘అవును సార్, మీరే రాసుకోండ్రి’ అంటారు. 1950లో జర్మన్ సమాజ శాస్త్రవేత్త అడార్నో బృందం నిరంకుశ స్వభావాన్ని కొలవడానికి తయారు చేసిన ‘ఎఫ్ స్కేల్’ మీద వచ్చిన పెద్ద విమర్శ ఇదే. వాక్యాలన్నీ ఒకే దిక్కుకు రాసి ఉండటం వల్ల, మర్యాదకు తల ఊపేవాడు కూడా నిరంకుశుడిగా తేలాడు. అందుకే సగం వాక్యాలు ఒప్పుకుంటే ఇటు, సగం ఒప్పుకుంటే అటు వెళ్లేలా రాయాలి.

దీనికి తోడు భయం ఒకటుంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున ఇంటింటికీ వెళ్లి సమగ్ర కుటుంబ సర్వే చేసినప్పుడు, ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు, పింఛను పోతాయేమోనని ముంబై నుంచి పాలమూరు కూలీలు బస్సులు పట్టుకుని వచ్చారు. ఆ అనుభవం ఉన్న ఊరిలో ‘పని చేయగలిగి కూడా పని వద్దన్నవాళ్లు సమాజం సాయం ఆశించకూడదు’ అన్న వాక్యం చదివితే, అవతలి మనిషి దాన్ని అభిప్రాయం కోసం అడిగిన ప్రశ్నగా వినడు. పింఛనుకు పెట్టిన పరీక్షగా వింటాడు.

మిర్యాలగూడ మర (మిర్యాలగూడ)

భయం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా గ్రూపులో నిన్న ఒక లింకు వచ్చింది. మీరు ఏ నాయకుడి భావాలకు దగ్గర అని చెబుతుందట. ముందు ఫోన్ నంబరు, నియోజకవర్గం, ఆపైన కులం అడుగుతున్నది. ఇది కూడా మీరు చెప్పే క్విజ్‌ల వంటిదేనా?

గద్వాల జరీ (గద్వాల, ప్రస్తుతం హైదరాబాద్)

కాదు మర గారూ, దాన్ని నింపకండి, ముందుకు పంపకండి. నేను చెప్పిన ఎయిట్ వాల్యూస్ పేరు గానీ నంబరు గానీ అడగదు, లెక్క మన బ్రౌజర్‌లోనే జరుగుతుంది. ఫలితం చెప్పడానికి ఫోన్ నంబరు అవసరం లేదు. నంబరు అడిగారంటే వాళ్లకు కావలసింది మీ మొగ్గుకూ మీ నంబరుకూ ముడి వేసిన జాబితా.

2014లో ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష పేరుతో ఒక యాప్ నడిచింది. దాన్ని సుమారు 2,70,000 మంది నింపారు. వాళ్ల స్నేహితుల వివరాలు కూడా లాగడంతో 8 కోట్ల 70 లక్షల మంది సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థ చేతికి చేరి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నవాళ్లు 335 మంది, సమాచారం పోయి ఉండవచ్చని చెప్పినవాళ్లు 5,62,455 మంది. ఒక్కరు నింపితే పక్కవాళ్లు ఎంతమంది దొరికిపోతారో ఆ రెండు అంకెల మధ్య దూరమే చెబుతుంది.

చట్టం వైపు చూస్తే, 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లులో మత, రాజకీయ విశ్వాసాలను, కులాన్ని సున్నితమైన సమాచారంగా వేరుగా పెట్టారు. చివరికి 2023లో వచ్చిన చట్టంలో ఆ ప్రత్యేక తరగతి లేదు. యూరప్ చట్టంలో రాజకీయ అభిప్రాయానికి అలాంటి ప్రత్యేక రక్షణ ఉంది.

సోమశిల పడవ (కొల్లాపూర్)

అమ్మా జరీ, మంచి మాట చెప్పావు. నీవు ఎవరికి ఓటు వేశావో చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 94వ సెక్షన్ చెబుతుంది. ఎన్నో ఎన్నికల్లో పోలింగ్ అధికారిగా పని చేసి, ఆ రహస్యాన్ని కాపాడటానికి అట్టపెట్టెలు అడ్డం పెట్టినవాళ్లం మేము. ఇప్పుడు అదే సంగతిని పిల్లలు స్టేటస్‌గా పెట్టుకుంటున్నారు. వాళ్ల ఇష్టం, కానీ ఊళ్లో కాంట్రాక్టు పనికో ఉద్యోగానికో వెళ్లిన రోజున ఆ చుక్కను ఎవరు గుర్తుపెట్టుకుంటారో చూసుకోవాలి.

పానగల్లు పాఠకుడు (నల్లగొండ)

అందరికీ ధన్యవాదాలు. తరగతిలో పిల్లలతో మన జిల్లాల ప్రశ్నాపత్రం ఒకటి తయారు చేయించాలని అనుకుంటున్నాను. ఆదర్శంగా జర్మనీలో 2002 నుంచి నడుస్తున్న ‘వాల్ ఓ మాట్’ను తీసుకుంటున్నాను. అక్కడ ప్రభుత్వ పౌర విద్యా సంస్థ ఎన్నికకు ముందు 38 వాక్యాలు ఇస్తుంది, వాటి తయారీలో కొత్త ఓటర్లయిన యువకులు పాల్గొంటారు, పార్టీలే స్వయంగా తమ జవాబులు, కారణాలు రాసి ఇస్తాయి, నింపేవాడు తనకు ముఖ్యమైన వాక్యానికి రెట్టింపు తూకం వేసుకోవచ్చు, ఇష్టం లేనిదాన్ని వదిలేయవచ్చు. మనిషి స్వభావాన్ని తేల్చే పని అది పెట్టుకోదు. మన పార్టీలు మనకు జవాబు రాసి ఇస్తాయని నేను ఆశించను కాబట్టి వాక్యాల వరకే ఆగుతాను. మొదటి ముసాయిదా ఇది.

పంట పెట్టుబడి సాయం పట్టాదారుకు కాక సాగు చేసేవారికే ఇవ్వాలి.

వలస వెళ్లిన కూలీ తాను పని చేస్తున్న చోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేయగలగాలి.

నల్లమలలో యురేనియం ఉన్నా తవ్వకూడదు, దానివల్ల వచ్చే ఉద్యోగాలు మనకు వద్దు.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరికీ కొనసాగాలి.

ఎత్తిపోతల పథకాల్లో భూమి పోయినవారికి డబ్బు కంటే భూమికి భూమి ఇవ్వడమే న్యాయం.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

మూడో వాక్యంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. తవ్వకం వద్దనేవాడు ఉద్యోగాలూ వద్దంటాడని మీరే తీర్మానించారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది కాబట్టి, ఇలాగే అడిగితే అందరూ ఒప్పుకుంటారు, మళ్లీ అందరి చుక్కా ఒకే చోట పడుతుంది. ‘దేశానికి విద్యుత్తు అవసరమైతే నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో యురేనియం తవ్వకానికి అనుమతి ఇవ్వవచ్చు’ అని తిప్పి రాస్తే మనుషులు కొంచెం ఆలోచిస్తారు.

వలస వాక్యం బాగుంది. 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం, ఒకే యంత్రం మీద 72 నియోజకవర్గాల వరకు ఓటు వేయగల దూర ఓటింగ్ యంత్రం నమూనాను ప్రకటించినప్పుడు చాలా పార్టీలు అనుమానాలు వ్యక్తం చేశాయి. మా జిల్లాలో దీని మీద నిజంగానే రెండు అభిప్రాయాలున్నాయి. ఓటుకు ఊరికి రప్పించడానికి బస్సు కిరాయి ఇచ్చే నాయకుడికి ఉండే అభిప్రాయం వేరు, ఆ బస్సులో కూర్చునేవాడిది వేరు.

దిండి వాగు (దేవరకొండ)

మొదటి వాక్యం మాదే కాబట్టి చెబుతున్నాను. ఇలా అడిగితే మా ఊళ్లో పట్టాదారు కూడా ‘అవును, చేసేవానికే ఇయ్యాలె’ అంటాడు, ఎందుకంటే అడిగినప్పుడు కాదంటే చెడ్డపేరు. కౌలుదారు పేరు ఒకసారి సర్కారు కాగితంలో ఎక్కితే భూమి తనది కాకుండా పోతుందేమోనన్నది అతని అసలు భయం. యజమాని హక్కుకు భంగం లేకుండా కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. మా ఊళ్లో ఆ కార్డు చూసినవాడు నాకు తెలియదు. ఆ కాగితం సంగతి వాక్యంలోకి రావాలి.

గద్వాల జరీ (గద్వాల, ప్రస్తుతం హైదరాబాద్)

వెబ్ పేజీ నేను తయారు చేస్తాను. పేరు, నంబరు, కులం అడగదు. కానీ చివరలో ఏదో ఒక పటం, ఒక చుక్క ఉండాలి. ఫలితం చూపించని క్విజ్‌ను రెండో ప్రశ్న దాకా కూడా ఎవరూ నింపరు.

పానగల్లు పాఠకుడు (నల్లగొండ)

చుక్క వద్దు జరీ గారూ. చుక్క ఉంటే పిల్లలు మళ్లీ దానినే స్టేటస్ పెడతారు. ప్రతి వాక్యం కింద ఇప్పటివరకు ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమంది కాదన్నారు, ఎంతమంది తెలియదన్నారు అని మూడు గీతలు చూపించండి. తాను తక్కువమంది వైపు ఉన్నానని తెలిసినవాడు కారణం వెతుక్కుంటాడు. వాక్యాలలో సగం తిప్పి రాసే పని, యురేనియం వాక్యం, పిల్లలమర్రి గారు చూస్తారని అనుకుంటున్నాను. దిండి వాగు గారి సూచన మీద మొదటి వాక్యాన్ని ఇలా మార్చాను, చూసి చెప్పండి: ‘కౌలుదారు పేరును ప్రభుత్వ రికార్డులో ఏటా నమోదు చేసి, పెట్టుబడి సాయం అతనికే ఇవ్వాలి, దీనికి యజమాని సమ్మతి అవసరం లేదు.’

దిండి వాగు (దేవరకొండ)

ఇప్పుడు కాదనేవాళ్లు దొరుకుతారు. పిల్లలమర్రి గారి లెక్క ప్రకారం ఇందులోనూ మూడు ప్రశ్నలున్నాయి కాబట్టి, నమోదు ఒకటిగా, సాయం ఒకటిగా, సమ్మతి ఒకటిగా విడగొట్టండి. సమ్మతి వాక్యాన్ని మా పొలం యజమానికీ మా నాన్నకూ వేర్వేరుగా ఇచ్చి నింపిస్తాను.